ఊరందరి స్వింగు

పళ్ళ డాక్టరుగారికి ఉన్న జబ్బు ఒక్కటే: ఎవరు కనబడితే వాళ్ళని తన గోల్ఫ్ స్వింగు గురించి, అంటే బంతి కొట్టడానికి కర్ర ఊపే తీరు గురించి, సలహా అడగడం. అడిగి ఊరుకున్నా బాగుండేది. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసే గుణం ఆయనకు పుట్టుకతోనే లేదు. చెప్పినవాడికి గోల్ఫంటే తినేదో తాగేదో తెలియకపోయినా సరే, ఆదివారం మైదానంలో ఆ సలహా అమలు జరిగి తీరాల్సిందే.

ఆ అమలుకు బలయ్యేవాడు ఆయన బావమరిది, స్కూల్లో లెక్కల మాస్టరు. ఇద్దరూ జోడీగా ఆడతారు. రిటైరయ్యేలోగా క్లబ్బువాళ్ళ జోడీల కప్పు ఒక్కసారైనా ఇంటికి తేవాలని మాస్టరు కోరిక. బావగారు బంతి ముందు నిలబడ్డప్పుడల్లా ఆ కోరిక మీద నీళ్ళు చల్లినట్టయ్యేది.

ఒక ఆదివారం డాక్టరుగారు ఎడమ మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి, బుగ్గలు పూరించి, గట్టిగా కళ్ళు మూసుకున్నారు.

"బావా, కళ్ళెందుకు మూశావ్?"

"ఫొటోగ్రాఫరు చెప్పాడు. ముందు మనసులో బొమ్మ పడాలట."

"ఆ బుగ్గలేంటి?"

"పెళ్ళిళ్ళలో బాకా ఊదే ఆయన. గాలి బిగబట్టకపోతే బలం రాదట."

"మోచెయ్యి?"

"టైలరు. చంక దగ్గర వదులుండకూడదన్నాడు."

ఊపారు. బంతి ఉన్నచోటే ఉంది. కర్ర మాత్రం వెళ్ళి చెట్టెక్కింది.

మాస్టరుకు అంతుపట్టనిది ఇంకోటుంది. ఒంటరిగా ప్రాక్టీసు చేసేటప్పుడు, ఎవరి మాటా గుర్తుకు రానప్పుడు, ఇదే డాక్టరుగారు కొట్టిన బంతి గీత గీసినట్టు వెళ్ళి గుంటలో పాతిన జెండా పక్కన వాలేది. ఇంత బాగా కొట్టగలిగిన మనిషికి ఈ పిచ్చేమిటని అక్కను అడిగాడు.

"నన్నడుగుతావేంరా? ఒకసారి నేనూ ఓ సలహా చెప్పాను. అమలు చేసి మెడ పట్టించుకున్నారు," అంది అక్క.

ఆ ఏడు ఎదుటి జోడీల్లో ఒకదానికి జలుబు చేసి, ఇంకొకటి వాళ్ళలో వాళ్ళే కొట్లాడుకుని రాకపోవడంతో బావా బావమరుదులు ఫైనలుకు చేరారు. ఇంత అదృష్టం మళ్ళీ పట్టదని మాస్టరుకు తెలుసు. పరాయి సలహా వినకుండా బావచేత ఒట్టు వేయించుకోవడానికి క్లినిక్కుకు వెళ్ళాడు.

లోపల కుర్చీలో బస్సు డ్రైవరు ఉన్నాడు. కొండంత మనిషి, సూది చూసి గజగజ వణికిపోతున్నాడు.

"వద్దు డాక్టరుగారూ. ఈ నొప్పి అలవాటైపోయింది. వెళ్ళిపోతా," అని లేవబోయాడు.

"వెళ్దురుగాని. చిన్న సందేహం. నేను బంతి కొడితే ఎప్పుడూ కుడిపక్కకు పోతోంది. అంత పెద్ద బస్సు తిప్పే చేతులు మీవి. ఏం చెయ్యమంటారు?"

డ్రైవరు మళ్ళీ కూర్చున్నాడు. ఆటేమిటో తెలియకపోయినా తిప్పడం తెలుసు. "చేతుల్తో ఏం లేదండీ, ముందు నడుము తిరగాలి. చేతులు దాని వెనకాలే వస్తాయి," అని మొదలుపెట్టాడు. సూది ఎప్పుడు పడిందో గమనించనే లేదు. నోట్లో దూది కుక్కినా గాల్లో స్టీరింగు తిప్పి చూపిస్తూనే ఉన్నాడు. ఆ మలుపు పూర్తయ్యేసరికి పన్ను పళ్ళెంలో ఉంది.

డ్రైవరు వెళ్ళాక మాస్టరు నోరు పెగిలింది. "ఓహో, భయం మరిపించడానికా ఇదంతా! మరి అడిగి ఊరుకోవచ్చుగా బావా? మైదానంలో చెయ్యడం దేనికి?"

డాక్టరుగారు చేతులు తుడుచుకుంటూ ఇబ్బందిగా నవ్వారు. "మళ్ళీ వచ్చినప్పుడు, 'నేను చెప్పినట్టు చేశారా?' అంటార్రా. లేదంటే చిన్నబుచ్చుకుంటారు. చేశానని అబద్ధమాడితే, రేపు నొప్పుండదని నేను చెప్పినా ఎవరు నమ్ముతారు?"

మాస్టరు ఆ మాటను లెక్కలా సరిచూశాడు. లెక్క ఎక్కడా తప్పలేదు, కప్పు మాత్రం పోతోంది. "ఈ ఒక్క ఆదివారం వదిలెయ్ బావా," అన్నాడు చివరికి.

"సరే, ఒట్టు."

ఆదివారం చివరి గుంట దగ్గరికి వచ్చేసరికి రెండు జోడీలూ సమానం. ఎదురుగా చెరువు, దానికవతల జెండా. డాక్టరుగారు మామూలుగా కొడితే చాలు. సరిగ్గా అప్పుడే కంచె అవతలి నుంచి కేక వినబడింది.

"డాక్టరుగారూ! ముందు నడుమండీ, నడుము!"

డ్రైవరు. సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఉబ్బిన బుగ్గతో వచ్చాడు.

డాక్టరుగారు అతన్ని చూసి, బావమరిదిని చూశారు. "నీకు ఒట్టేశాను గదరా. నువ్వెలా కొట్టమంటే అలా కొడతా."

మాస్టరు పక్కన బల్ల మీద పెట్టిన కప్పు చూశాడు. కంచె పట్టుకుని ఊపిరి బిగబట్టిన ఆ భారీ మనిషిని చూశాడు. తనకేమైందో తనకే అర్థం కాలేదు.

"కానివ్వు బావా. ముందు నడుము," అన్నాడు.

డాక్టరుగారు బస్సంత మలుపు తిరిగారు. బంతి కుడిపక్కకు పోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. తిన్నగా వెళ్ళి చెరువు నడిబొడ్డున మునిగింది.

ఎదుటి జోడీ ఒకరినొకరు కావలించుకున్నారు. వాళ్ళకన్నా ఎత్తున డ్రైవరు గెంతుతున్నాడు. "అంత చిన్న బంతిని సరిగ్గా నీళ్ళ మధ్యలో వేశారంటే మాటలా! గురి అంటే అదీ!"

డాక్టరుగారు సిగ్గుపడుతూ చేతులు జోడించారు. "అంతా మీ చలవేనండీ."

మాస్టరు కర్ర చంకలో పెట్టుకున్నాడు. తనూ చప్పట్లు కొట్టాడు.