చిన్నాయన బండిలో ఎర్రదీపం

మొన్న మా అబ్బాయి కారులో పోతుంటే రైల్వే గేటు పడింది. వాడు ఇంజను ఆపకుండా ఫోను చూసుకుంటున్నాడు. ఉన్నట్టుండి స్టీరింగు వెనక నూనెడబ్బా బొమ్మ ఎర్రగా మినుక్కుమంది. "ఆపు! ఆపరా ముందు!" అని నేనరిచిన అరుపుకు వాడి చేతిలో ఫోను జారి కింద పడింది. "ఆయిలు దీపానికే ఇంత అరుపా అమ్మా?" అన్నాడు. వాడికేం తెలుసు? అందరి పెండ్లీ అగ్నిసాక్షిగా జరిగితే నాది ఆ దీపం సాక్షిగా జరిగింది.

మా చిన్నాయనకు, అంటే నాయన తమ్ముడికి, ఒక పాత పికప్పు బండి ఉండేది. బత్తలపల్లె చుట్టుపక్కల టమాటాలు, గొర్రెలు, శెనక్కాయ మూటలు, జనం, ఏది దొరికితే అది వేసుకుని తిరిగేవాడు. ఇల్లు గడిచేది దాని మీదే. తొంభైల చివర్లో దానికొక జబ్బు పట్టుకుంది. రోడ్డు మీద ఉరికినంతసేపూ బాగానే ఉండేది. వేడెక్కినాక ఎక్కడైనా నిదానించి నిలబడిందా, ఆయిలు దీపం వెలిగేది. మెకానిక్కు దగ్గరికి పొమ్మంటే పోతేనా! ఆయనకు తెలిసిందల్లా బోరుబావి. మా పక్క బోర్లు కాసేపు పోసి ఎండిపోతాయి. మోటరు ఆపి వదిలేస్తే అడుగున మళ్లీ నీళ్లూరతాయి. ఇంజనూ అంతేనని ఆయన సిద్ధాంతం. "ఆయిలు అడుక్కు పోయుంటాదమ్మీ, ఊరనీ" అని బండి ఆపేసి, ఆకూవక్కా నోట్లో వేసుకుని, అది నమిలి ఉమ్మేదాకా కదిలేవాడు కాదు. చిత్రమేమంటే, మళ్లీ స్టార్టు చేస్తే దీపం నిజంగానే ఆరిపోయేది! ఇంక ఆయన్ను కాదనేదెవరు?

నా పెండ్లి మడకశిర పక్కన, మగపెండ్లివాళ్ల ఊళ్లో. తెల్లవారకముందే బయలుదేరాం. ముందు సీట్లో నేనూ నాయనా, వెనక మా అవ్వ, బంధువులు, ఇత్తడి సామాన్లు. ధర్మవరంలో ఒక ఊట, దారిలో గొర్రెల మంద అడ్డమొచ్చిన చోట ఇంకో ఊట. పెనుకొండ దాటేసరికి పొద్దు బాగా ఎక్కింది. అక్కడొక గతుకు దగ్గర నిదానిస్తే మళ్లీ దీపం. చిన్నాయన బండి ఆపి ఆకుల సంచి తీశాడు.

"ఒరే, ముహూర్తం పోతాందిరా! ఇది తప్పితే మళ్లా ఆర్నెల్లదాకా లేదన్నాడు అయ్యవారు" అని నాయన తల పట్టుకున్నాడు.

"ఇంజను బిగుసుకోని పట్టేస్తే నా బతుకేం గావాలన్నా?" అన్నాడు చిన్నాయన.

పెండ్లికూతురు నోరు తెరవకూడదంటారు. నేను తెరిచాను. "చిన్నాయనా, నిలిపితే గదా అది వెలిగేది? నిలపనే వద్దు, పోనీ!"

ఆయన నన్నొకసారి చూశాడు. సున్నం రాసిన ఆకును నోట్లో పెట్టుకోకుండా ఆ దీపం మీద అతికించాడు. "సూస్తే యాక్సిలేటరు మింద కాలు లేస్తాది" అంటూ స్టార్టు చేశాడు.

ఇంక చూడండి మా ఊరేగింపు! గతుకుల్లో ఇత్తడి బిందెలు గణగణమంటే నా పూలజడ టాపుకు కొట్టుకునేది. మా అవ్వ వెనక కడ్డీ పట్టుకుని నిలబడి, కనబడిన ఎద్దునూ సైకిలునూ వదలకుండా "జరగండప్పా, పెండ్లి పోతాండాది!" అని ఒకటే కేకలు. భయమూ నవ్వూ కలిసి నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. ఊరి మొదట్లో మగపెండ్లివాళ్లు మేళతాళాలతో, పానకం చెంబులతో ఎదురుకోలుకు రోడ్డుకడ్డంగా నిలబడి ఉన్నారు. చిన్నాయన హారను మీద చెయ్యి తీస్తే ఒట్టు. "ఆగితే మళ్లా లెయ్యదు!" అని దూసుకుపోయాడు. "నిల్సప్పా, నిల్సు!" అని వాళ్లు కన్నడంలో ఆపమని అరుస్తున్నారు. మేళం ఒక పక్కకు, పానకం ఒక పక్కకు. మా ఆయన్ను నేను తొలిసారి తేరిపార చూసింది, మెడలో దండతో చీనీచెట్ల తోట కంచె మీదికి ఎగురుతున్నప్పుడే. మనిషి చురుకైనవాడే అనుకున్నాను.

తాళి వేళకే పడింది. అక్షింతలు వేసేవాళ్లలో చిన్నాయన కనబడలేదు. కొంగుముడితోనే మా ఆయన్ను లాక్కుంటూ బయటికి పోయాను. బానెట్టు ఎత్తి ఉంది. పొగ వాసన. "పట్టేసినాదమ్మీ" అన్నాడు, ఎవరి బండి గురించో చెబుతున్నట్టు. అరిగిపోయిన ఇంజనులో వేడికి ఆయిలు పలచబడి ఒత్తిడి నిలవదనీ, చల్లారితే ఆయిలు చిక్కబడి దీపం ఆరుతుందనీ తరవాత మెకానిక్కు చెప్పాడు. ఆ పూట మాత్రం చిన్నాయన చేతులు పంచెకు తుడుచుకుని, నా మెడలో తాళి చూసి, ఇంత నోరు చేసుకుని నవ్వాడు. "దా, ఈడ నిలబడు. నేనింకా అక్షింతలెయ్యలేదు."

ఆ తరవాత ఆయన సొంత బండి ఎక్కలేదు; చివరిదాకా పరాయివాళ్ల బండ్లకు కూలికి స్టీరింగు పట్టాడు. అప్పటి ఆయన వయసు నేనెప్పుడో దాటేశాను. ముహూర్తం రెప్పపాటులో అయిపోయింది. దాని కోసం ఆయన ఇచ్చింది ఎంతో తెలియడానికి మాత్రం నాకు ఇన్నేండ్లు పట్టింది.