ముసఫా మైదానంలో ఎనిమిది అంకె

నాకు పదిహేడు నిండిన ఆ ఎండాకాలం... పొద్దున ఆరింటికే అబుదాబిలోని ముసఫా డ్రైవింగ్ స్కూలు మైదానం పెనంలా కాలుతుండేది. వరసగా పది మోటార్ సైకిళ్ళు. తొమ్మిది బండ్ల దగ్గర మగవాళ్ళు... పదోదాని దగ్గర నేను, తలకంటే పెద్ద హెల్మెట్‌తో.

మాది నరసాపురం వైపు. అమ్మ అబుదాబిలో ఒక ఆసుపత్రిలో ఎమర్జెన్సీ నర్సు. ఇసుక మైదానాల్లో స్నేహితుల బండ్లు నడపబోయి పడ్డ పిల్లలకు కట్లు కట్టి కట్టి, ఆవిడకు మోటార్ సైకిలంటేనే పడేది కాదు. నేను మూడు నెలలు వెంటపడ్డాక ఒక్క షరతు మీద ఒప్పుకుంది... నేర్చుకుంటే స్కూల్లోనే నేర్చుకోవాలి, దొంగచాటుగా ఎవరి బండీ ముట్టుకోకూడదు.

మొదటి రోజే క్లచ్ ఒక్కసారిగా వదిలేశాను. బండి ముందుకు దూకింది, నేను పక్కకి పడ్డాను. మోకాలు చెక్కుకుపోయి "అమ్మా" అన్నాను. తొమ్మిది హెల్మెట్లూ నా వైపు తిరిగాయి... దెబ్బకంటే సిగ్గే ఎక్కువ మండింది.

ఒకాయన తన బండికి స్టాండు వేసి వచ్చి, నా బండి లేపి నిలబెట్టాడు. "తెలుగోళ్లా చెల్లె?" అన్నాడు.

పేరు మల్లేశం, జగిత్యాల దగ్గర ఊరు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఐకాడ్ లేబర్ క్యాంపులో ఉంటూ పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడితే డెలివరీ కంపెనీలో చేరాడు. ఊళ్ళో సైకిలు తప్ప ఏదీ నడిపినవాడు కాదు. అప్పటికే రెండుసార్లు టెస్టు తప్పాడు. మూడోసారీ తప్పితే ఖలాస్, ఇంటికి పంపేస్తానని ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, చెప్పేశాడట.

క్లచ్ మాత్రం ఆయనకు బాగా వచ్చు. "ఒక్కపాలి ఇడువకు చెల్లె. బండి కదలబోతున్నట్టు చేతికి తెలుస్తది... ఆడ ఆగు. అప్పుడు మెల్లగ ఇడువు" అన్నాడు. మాకు బండి నేర్పే ఉస్తాద్, పెషావర్ పెద్దాయన, పొద్దున ఉర్దూలో చెప్పిందీ అదే... కానీ మన భాషలో వినగానే నా చేతికి అర్థమైంది.

ఆ సాయంత్రం అమ్మ ముక్కాలి పీట వేసుకుని కూర్చుని నా మోకాలు శుభ్రం చేసింది. ఇక మానెయ్యమంటుందనుకున్నాను. కట్టు కట్టడం అయ్యాక ఒక్కటే అడిగింది... "మళ్ళీ క్లాసు ఎప్పుడే?"

మల్లేశం అన్న చిక్కంతా ఎనిమిది అంకె దగ్గరే. నేల మీద గీసిన ఆ అంకె చుట్టూ కాలు కింద ఆనకుండా తిరగాలి. మలుపు రాగానే ఆయన చూపు ముందు చక్రం మీద పడేది, వెంటనే కాలు నేలకి తగిలేది. "జిధర్ దేఖోగే, గాడీ ఉధర్ జాయేగీ" అని ఉస్తాద్ అరిచేవాడు... నువ్వు ఎటు చూస్తే బండి అటే పోతుందని. మల్లేశం అన్నకూ అది తెలుసు. తెలిసినా భయం చూపుని కిందికి లాగేసేది.

ఒకరోజు ఉస్తాద్‌ని అడిగి నేను గీత బయట నిలబడ్డాను. మల్లేశం అన్న తిరుగుతున్నకొద్దీ మలుపు చివరికి నేనూ నడుస్తూ, "అన్నా, చక్రాన్ని కాదు... నన్ను చూడు" అంటూనే ఉన్నాను. రెండుసార్లు కాలు పెట్టాడు. మూడోసారి అంకె పూర్తయింది. ఆయన ఆగలేదు... నవ్వుతూ ఇంకో రెండు చుట్లు తిరిగాడు.

టెస్టు ఇద్దరికీ ఒకే రోజు వచ్చింది. అక్కడ ఎవరూ ఎదురుగా నిలబడకూడదు. గోడ దగ్గర పిడికిళ్ళు బిగించి చూశాను. గడ్డం పైకెత్తి, ఎవరూ లేని చోటుని చూస్తూ, ఒక్కసారి కూడా కాలు ఆనించకుండా పూర్తిచేశాడు.

తర్వాత వంతు నాది. ఆ సంతోషంలోనే ఎక్కి రెండో మలుపులో కాలు పెట్టేశాను. ఫెయిల్.

పాసైన కాగితం చేతిలో ఉన్నా ఆయన మొహంలో నవ్వు లేదు. "ఏడువకు చెల్లె... నేను మూడోపాలికి గెలిచినోన్ని. నువ్వు రెండోపాలికే గెలుస్తవ్" అన్నాడు.

మూడు వారాల తర్వాత గెలిచాను. రాత్రి డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చిన అమ్మ, నేను తిరుగుతున్నంతసేపూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూనే ఉంది. లైసెన్సు కార్డు చేతికొచ్చాక నా పేరు పైకి చదివింది... రెండుసార్లు.

మల్లేశం అన్న నంబరు నా పాత ఫోనుతోపాటే పోయింది. ఇప్పుడు ఏ సిగ్నల్ దగ్గర చూసినా డెలివరీ బండ్లే... పదిమంది పక్కపక్కనే ఆగుతారు, పచ్చ లైటు పడగానే పది దారుల్లో వెళ్ళిపోతారు. పక్కవాడిది ఏ ఊరో అడిగే తీరిక ఎవరికీ లేదు. అప్పట్లో ఒక బండి పడితే మైదానమంతా ఆగేది...

మీరు మొదటిసారి పడ్డప్పుడు బండి లేపి నిలబెట్టిందెవరు? పేరు గుర్తుంటే ఇక్కడ రాయండి... వాళ్ళెక్కడైనా చదువుతారేమో.