మణి కడుపు

ధర్మపురిలో ఒక కుక్క కడుపు చెడితే సేలం దాకా పెళ్లిళ్లు ఆగిపోయేవి. సరే, సేలం దాకా అనడం కొంచెం ఎక్కువే. కంబైనల్లూరు దాకా అనుకోండి. ఆగిపోవడమూ కాదు, పెళ్లికూతురి మేనమామ రాకుండా పోయేవాడు. ఆ మేనమామ పాత్రల అంగడి సుబ్బరాయప్ప. కుక్క పేరు మణి. ఆయనకు ఉన్నది ఒకటే పిచ్చి: మణికి సంతోషం కలిగినా, కంగారు పుట్టినా బేదులు పట్టుకుంటాయి కాబట్టి, ఆ రెండూ తన గడప దాటి లోపలికి రాకూడదు.

అందుకని ఆ ఇంట్లో శుభవార్తలు చెవిలో చెప్పాలి. పోస్ట్‌మాన్ సైకిల్ బెల్ కొట్టకూడదు, దగ్గాలి. చుట్టాలు వస్తే "ఎప్పుడు వచ్చినారు?" అని అడగరు, పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నట్టు మజ్జిగ చేతికిస్తారు. ఎదురింటివాళ్లు కొడుకు పాసయ్యాడని టపాసు వెలిగిస్తే, సుబ్బరాయప్ప చెంబెడు నీళ్లతో పరుగెత్తి దాన్ని ఆర్పి, "నాకు చానా సంతోషం" అని గుసగుసగా చెప్పి వచ్చాడు.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉండేవి, కంబైనల్లూరులో ఉండే ఆయన అక్క కమలవేణికి తప్ప. వాళ్లలో పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామే మండపానికి ఎత్తుకు రావాలి. ఆమె పెద్దకూతురు పంచవర్ణం పెళ్లినాడు ముహూర్తం దగ్గర పడుతుంటే, మణికి బేదులని కంబైనల్లూరుకు కబురు వచ్చింది. గంప ఎత్తింది ఎవరో దూరపు చుట్టం. దారిలో దించి ఆయాసం కూడా తీర్చుకున్నాడు. ఆ రోజే కమలవేణి తమ్ముడితో మాటలు మానేసింది.

ఎనభై ఆరులో చిన్నకూతురి పెళ్లి కుదిరింది. రెండో గంప కూడా పరాయి చేతుల్లోకి పోతుందేమోనని ఆమెకు నిద్ర పట్టలేదు. పెళ్లికి ముందురోజు తానే పంతం వదిలి, బస్సెక్కి ధర్మపురి వచ్చింది.

"మెల్లగా అక్కా! మణికి తెలిసిపోతుంది."

"తెలియనీరా! అది నా బిడ్డకు మేనమామనా, నువ్వా?"

"సంతోషమైనా, భయమైనా దాని కడుపుకు ఒకటే. నేనేమి చేసేది?"

"ఆ కడుపు సంగతి నేనూ చూస్తా" అంటూ ఆమె బీరువా తీసి, తమ్ముడు పెళ్లిళ్లకు కట్టుకునే పట్టువేష్టి మణి ముక్కు దగ్గర ఆడించింది. ప్రయాణం పెట్టె తెచ్చి ముందు పెట్టింది. "పెళ్లిరో మణీ, పెళ్లి!" అని చెవిలో అరిచింది. మణి వెల్లకిలా పడుకుని పొట్ట గోకమంది.

"ఏమిరా, రాయి మాదిరి ఉండాది దీని కడుపు!"

సుబ్బరాయప్ప పైకప్పు చూశాడు. అంతలో ఆయన భార్య అలమేలు కాఫీ తెచ్చింది.

"అలమేలూ, రేపు పెళ్లి. నీ పట్టుచీర తియ్యి" అంది కమలవేణి.

గ్లాసు వణికి కాఫీ ఒలికింది. మణి లేచి అలమేలు మొహం చూసింది. తోక ముడుచుకుని, మూలుగుతూ పెరట్లోకి పరుగెత్తింది. వాము నీళ్లు పట్టుకుని సుబ్బరాయప్ప దాని వెనకే పరుగెత్తాడు.

కమలవేణి మరదలి చేయి పట్టుకుంది. మంచులా ఉంది. "నీకేమి భయమే?"

"ఏమీ లేదు వదినా." చేయి విడిపించుకుని, ఒలికిన కాఫీ తుడుస్తూ అలమేలే మళ్లీ అంది. "మీ గృహప్రవేశంలో హారతి పళ్లెం నా చేతిలోనించి తీసుకున్నారే. బిడ్డలున్నవాళ్లు పట్టుకోవాల అన్నారు. మీది తప్పని కాదు వదినా. అప్పటినించీ చీర తీస్తే చేతులు వణుకుతాయి. నన్ను చూసి దానికి కడుపు చెడుతుంది. పోలేనని నేను చెప్పలేదు. అంతా కుక్క మీద వేసి, ఆయనే ఆగిపోయినారు."

ఆ మాట అన్నట్టు కూడా కమలవేణికి గుర్తులేదు. ఊరంతా తిరిగి తాను తమ్ముణ్ణి తిట్టిన మాటలు మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు. లేచి బీరువాలోంచి మరదలి పట్టుచీర తీసి, మడతలు సర్దింది.

"రేపు హారతి నువ్వే ఇయ్యాల" అంది.

"ఊళ్లోవాళ్లు ఏమంటారో?"

"వాళ్లకు కడుపునొప్పి వస్తే, మీ ఆయన దగ్గర వాము నీళ్లు ఉండాయి కదే!"

మర్నాడు అలమేలు హారతి ఇచ్చింది. పళ్లెం కాస్త వణికింది గానీ దీపం ఆరలేదు. పెళ్లి జరిగే చత్రం స్తంభానికి కట్టిన మణి ఆమెనే చూస్తూ నిబ్బరంగా కూర్చుంది. సుబ్బరాయప్ప గంప ఎత్తుకుని, పళ్లు బిగించి, ఒక్కసారి కూడా దించకుండా మండపానికి తెచ్చాడు.

బిడ్డను చంకనేసుకుని చూస్తున్న పంచవర్ణం, "నా పెళ్లికి నేను ఇంతకన్నా సన్నంగా ఉంటిని కదా మామా" అంది నవ్వుతూ. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకోవడం మొదలుపెట్టి, ఎంతకీ ఆపలేదు. కమలవేణి పక్కకు తిరిగి నిలబడింది.

ఇదంతా నిజమేనా అని సుబ్బరాయప్పనే అడిగితే మండిపడతాడు.

"అంతా కట్టుకథ! మా ఇంటామెకు భయమా? నేనే ఆమెకు భయపడతాను. హారతి పళ్లెం ఎవురూ తీసుకోలేదు. మా అక్క అట్లాంటి మాట అనే మనిషే కాదు. కడుపు చెడింది కుక్కకే!"