నీళ్లొచ్చే గంటలో నా కాపలా

పాప నిద్రపోయాకే నాకు రాయడానికి తీరిక. పగలంతా మనసులో తిరిగిన మాటల్లో సగం ఆ వేళకు మరిచిపోతాను. ఈ ఒక్క సంగతి మాత్రం ఎంత అలసిపోయినా మరుపు రాదు.

రాష్ట్రం ఇంకా విడిపోని రోజులు. ఆ ఏడు సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు వదలలేదు. మిర్యాలగూడ చుట్టుపక్కల పొలాలు బీడు పడ్డాయి, మిల్లుల్లో పని సగానికి సగం తగ్గింది. మా ఆయన ఒక రైస్ మిల్లులో లెక్కలు చూసేవాడు. పొద్దున పోయి మధ్యాహ్నానికే ఇంటికొచ్చేవాడు.

ఎండలు ముదరకముందే మా వార్డు వాళ్లందరినీ బడి వరండాలో కూర్చోబెట్టి నీళ్ల ఇంజనీరు మాట్లాడాడు. ఊరి మంచినీళ్ల చెరువులో ఎంత నీరుందో సుద్దముక్కతో బోర్డు మీద గీత గీసి చూపించాడు.

"ఈ ఒక్క ఎండాకాలమే అయితే ఎట్లనో గడుస్తది. వచ్చే ఏడు గూడ కాల్వ రాకపోతే ఏం జేస్తం? అందుకే ఈ నీళ్లను రెండేండ్లకు సరిపెట్టాలె."

నాలుగు రోజులకోసారి, గంటసేపు నల్లా. మా గల్లీలో అందరూ నల్లా పైపుకే మోటారు బిగించి నీళ్లు లాగేవాళ్లు. మోటారున్న ఇల్లు మీదివాళ్ల నీళ్లు, కిందివాళ్ల నీళ్లు కలిపి గుంజేస్తుంది. అందుకని ఆ గంటసేపు కరెంటు తీసేస్తామన్నాడు. మోటార్లు కూడా విప్పి పక్కన పెట్టమన్నాడు. చివరింటికి నీళ్లు అందకపోతే గంట పెంచాల్సి వస్తుంది, గంట పెరిగితే చెరువు దిగిపోతుంది, రెండేళ్ల లెక్క తప్పుతుంది. ఆయన చెప్పింది అంతే. నాకు బాగా నచ్చింది. నా బిడ్డకు అప్పుడు ఏడాది నిండింది. వచ్చే ఏడాది గురించి నాకంటే ముందే ఆలోచించిన మనిషి ఒకడు ఈ ఊళ్లో ఉన్నాడని ఆ రోజు కాస్త నిమ్మళంగా అనిపించింది.

గల్లీకి ఇద్దరు ఆడవాళ్లు నిలబడి చూసుకోవాలన్నారు. డిగ్రీ చదివినదాన్నని నన్ను ముందుకు తోశారు. రెండో మనిషి చివరింటామె. కోదాడ నుంచి ఇక్కడికి కాపురానికి వచ్చింది. భర్త లారీ డ్రైవరు. ఆమె కొడుక్కీ మా పాపకూ నెలల తేడా.

మొదట మా ఇంటి మోటారే విప్పించాను. గల్లీ అంతా చూస్తుండగా మా ఆయన పానా పట్టుకుని కూర్చున్నాడు.

"మేడం గారి ఆర్డర్. ఇప్పకపోతే బువ్వ పెట్టదు," అన్నాడు. అందరూ నవ్వారు. మోటారు అటకెక్కింది. సాయంత్రానికి మిగతా ఇళ్లవాళ్లూ విప్పేశారు. ఆ రాత్రి మా ఆయనను చూస్తే నాకు గర్వంగా ఉండింది.

కరెంటు కోతలకు పాప ఒంటి నిండా చెమటకాయలు లేచాయి. ఇన్వర్టర్ కొందామని భయపడుతూనే అడిగాను, మిల్లు సరిగా నడవని రోజులు కదా. ఆయన ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. "కొంటే పెద్దదే కొందాం. పిల్లకంటే ఎక్కువనా?" అన్నాడు. సూర్యాపేటలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసి ఈ మాట రెండుసార్లు చెప్పాను.

మా గల్లీకి నీళ్ల వంతు మధ్యాహ్నం వచ్చేది. కరెంటు పోగానే పాపను మా అత్తమ్మకు అప్పజెప్పి, కొంగు నెత్తిన కప్పుకుని బయటికి నడిచేదాన్ని. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక్కో నల్లా చూసుకుంటూ పోయేదాన్ని. మొదట్లో చివరింటికి కూడా నీళ్లు బాగానే వచ్చాయి. తర్వాత ధార సన్నబడుతూ వచ్చింది.

"మా నల్లాకు సిగ్గెక్కువక్కా. మిమ్మల్ని చూస్తే బయటికి రాదు," అనేది చివరింటామె, బిందె కింద చెయ్యి పెట్టి.

అరుగు మీద కూర్చున్న ముసలమ్మ ఊరుకునేది కాదు. "సదువుకున్నామె రూలు జెప్తే మనుషులింటరు గని నీళ్లింటయా?" అనేది.

నేనూ నవ్వేదాన్ని. మనసులో మాత్రం ఒక్కో ఇంటినీ అనుమానించేదాన్ని. కిరాణా కొట్టాయన ఇంటి ముందు కావాలనే ఎక్కువసేపు నిలబడేదాన్ని. ఏదీ దొరకలేదు. చివరికి ఇంజనీరు దగ్గరికి పోయి, చివరింటికి అందడం లేదు, పసిపిల్లాడున్న ఇల్లు అని బతిమాలాను. ఆయన ముఖం చిన్నబోయింది. అయినా గంటను గంటన్నర చేశాడు. అప్పటికీ చివరింటి బిందె నిండలేదు.

ఒకసారి నీళ్ల వంతు నాడు పాపకు జ్వరంగా ఉంది. మందు వేసే వేళయిందని గల్లీలోంచి మధ్యలోనే ఇంటికొచ్చాను. నేను ఆ సమయంలో ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఇన్వర్టర్ ఉన్నా ఫ్యాను తిరగడం లేదు. మంచం మీద పాప చెమటతో తడిసి ముద్దయి ఉంది. అత్తమ్మ అట్టముక్కతో విసురుతోంది.

"ఫ్యాను ఎందుకు బంద్ చేసిన్రు అత్తమ్మా?"

"రెండూ గుంజదంట బిడ్డా. జరసేపే. అయిపోంగనే ఏస్తడు."

రెండోది ఏమిటో ఆమె చెప్పలేదు. అప్పటికే నాకు వినిపించింది. బాత్రూం దిక్కు నుంచి, గొంతు నొక్కేసినట్టు ఒక గురగుర. వెళ్లి చూస్తే గోనెసంచి కప్పుకుని మా మోటారు. ఇన్వర్టర్ నుంచి తీగ లాగి ఉంది. సంపులో నీళ్లు పడుతున్న చప్పుడు. మా ఆయన పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఇదేంది?"

"మెల్లగ. బయటికి ఇనబడతది."

"ఎప్పటిసంది?"

"ఎప్పటిసంది అయితే ఏంది? పిల్ల కోసమే కద. రేపు చెరువు ఎండితే ఆ ఇంజనీరు వచ్చి తాపుతడా?"

"పిల్ల కోసమా? ఫ్యాను ఆపేసి, జ్వరంల దాన్ని ఉడకబెట్టి, పిల్ల కోసమా?"

తీగ మీద నా చెయ్యి పడుతుంటే ఆయన విసుగ్గా అన్నాడు: "నువ్వు గల్లీల నిలబడుతవనే మనింటి దిక్కు ఎవ్వరు సూస్తలేరు. గింత సమజ్ కాదా నీకు?"

తీగ పీకేశాను. ఫ్యాను వేశాను. పాపకు మందు పట్టాను. సగం మందు దాని గౌను మీదే ఒలికింది. ఇంజనీరును బతిమాలి నేను తెచ్చిన ఆ అరగంట నీళ్లు కూడా మా సంపులోకే పోయాయని అప్పుడు అర్థమైంది.

సంపులోంచి రెండు బిందెలు ముంచి చివరింటికి నడిచాను. గల్లీలో నల్లాల కాడ ఇంకా ఆడవాళ్లున్నారు. ఎవరినీ చూడకుండా పోయాను.

"మా ఇంట్లనే తిరుగుతుందమ్మా మోటారు. నాకు ఇప్పుడే తెల్సింది," అన్నాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. ఒక్కో బిందె అందుకుని తన డ్రమ్ములో ఒంపుకుంది. కొడుకు ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మాకు ఎప్పుడో తెలుసక్కా. మీ వెనక గోడ పక్కన నిలబడితే వినబడుతూనే ఉంటుంది. మీరే చెబుతారేమోనని చూశాం."

"నిజంగ నాకు తెల్వదు."

"ఇంట్లో మోటారు తిరుగుతుంటే ఇల్లాలికి తెలియదా? గంటన్నర చేయించింది కూడా మీరే కదా." ఆమె గొంతులో కోపం లేదు. ఖాళీ బిందెలు కడిగి నా చేతికిచ్చింది. "ఇంక మీరు రాకండక్కా. మా నల్లా సంగతి మేం చూసుకుంటాం."

తర్వాతి వంతుకు నేను బయటికి పోలేదు. కరెంటు పోయిన కాసేపటికి కిరాణా కొట్టు దిక్కు నుంచి జనరేటర్ చప్పుడు, దాని వెంటే మోటారు చప్పుడు మొదలైంది. ఆ పై వంతుకు మరో రెండిళ్లు. ఎవరూ దాచలేదు. మా ఆయన, "సూసినవా?" అన్నాడు. తాను చేసింది తప్పు కాదని గల్లీ అంతా సాక్ష్యం చెప్పినట్టు ఉంది ఆయన ముఖం. రెండేళ్లకని దాచిన చెరువు ఆ ఎండాకాలం ముగియకముందే అడుగంటింది. ట్యాంకర్లు వచ్చాయి. చివరింటామె ట్యాంకరు కోసం ఎదురుచూడలేదు. కొడుకును తీసుకుని కోదాడలో పుట్టింటికి పోయింది. తర్వాత భర్త వచ్చి సామాను లారీలో వేసుకుపోయాడు.

మా ఆయన చెడ్డవాడని నేను ఎవరితోనూ అనలేదు. పాపకు దగ్గొస్తే ఆయనే ముందు లేస్తాడు. కాని ఆయన "పిల్ల కోసం" అన్నప్పుడల్లా నా కళ్లు ముందు ఫ్యాను వైపు పోతాయి. అడగకుండానే ఏదైనా కొనిస్తే, దీన్ని దేనికి వాడుకుంటాడో అనిపిస్తుంది. ఇట్లా అనిపిస్తుందని ఆయనకు తెలియదు.

ఈమధ్య సూర్యాపేట బస్టాండులో ఆమె కనబడింది. కొడుకు చెయ్యి పట్టుకుని కోదాడ బస్సు కోసం నిలబడి ఉంది. నేనే దగ్గరికి పోయాను. పాప గురించి అడిగింది, చెప్పాను. ఆ రోజు సంగతి మళ్లీ చెప్పాలని, ఇప్పుడైనా నమ్ముతుందేమోనని నోటిదాకా వచ్చింది. అంతలో ఆమె బస్సు వచ్చింది. కొడుకును ముందు ఎక్కించి వెనక్కి తిరిగింది.

"మీ గల్లీకి ఇప్పుడు నీళ్లు సరిగా వస్తున్నాయా అక్కా?"

"వస్తున్నయమ్మా."

"మీ ఇంటికి ఎప్పుడూ వస్తాయి లెండి," అని నవ్వి, బస్సెక్కింది.