ఎలుకలు పడ్డ ఏడు, ఒక ఇంగ్లీషు మాట

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి కాపురానికి వచ్చిన రెండో ఏడు ఊళ్లో ఎలుకలు పడ్డాయి. ఎలుక చచ్చి పడితే ప్లేగు వెనకే వస్తుందని, ఇండ్లకు తాళాలు వేసి చేలల్లో గుడిసెలు వేసుకునేవాళ్లు. మా ఆయన కచేరీ పనిమీద భిక్నూరు వెళ్లి ఉన్నాడు. ఆరు నెలల పాపతో నేను ఇంట్లోనే ఉండిపోయాను. గుడిసెల్లో చేరిన అంతమందిలో ఎవరికి జ్వరముందో ఎవరు చూశారు? కాలేజీలో నేర్చుకున్న 'హోర్డ్' అనే మాట పదేపదే గుర్తొచ్చేది. అడ్డూ అదుపూ లేకుండా వచ్చిపడే మంద అని మాకు చెప్పిన అర్థం.

మూడో రోజు మా పొయ్యి పక్కనే ఎలుక పడింది. పాపను, మూటను ఎత్తుకుని చేలకు పరుగెత్తాను. గుడిసెలు ఇంకా దూరముండగానే పక్కింటి అవ్వ కర్ర అడ్డం పెట్టింది.

"ఆడనే ఆగు బిడ్డా. మూటిప్పి ఎండల పరువు. పొద్దుగూకేదాక గా మోదుగు కింద కూసో."

"పసిపిల్ల అవ్వా."

"గందుకే. గంజి నేను పంపిస్త. మూడొద్దుల సంది పిలుస్తున్న, రాకపోతివి. సదువుకున్నదానివి, ఎలుకలకు ఇంగ్లీషుల జెప్పి ఎల్లగొట్టకపోయినవా?"

గుడిసెల దగ్గర ఆడవాళ్లు నవ్వారు. నన్ను వెలివేశారనుకున్నాను.

మూటలో నా నిఘంటువూ ఉంది. దాన్నీ విప్పి ఎండలో పెట్టమంది అవ్వ. పనేమీ లేక అందులో 'హోర్డ్' తీశాను. అది తుర్కీ భాషలోని 'ఓర్దూ' నుంచి వచ్చిందట; ఓర్దూ అంటే దండు విడిది, గుడారాల ఊరు. మన కచేరీల్లో నడిచే ఉర్దూ పేరు కూడా అక్కడిదే. మంద అనే అర్థం తర్వాత వచ్చింది. ఆ గుడారాలను చూసి బయటివాళ్లు భయపడి ఉంటారు, నాలాగే.

తలెత్తి చూశాను. గుడిసెలు వరుసల్లో ఉన్నాయి. నీళ్ల కాగు మీద మూత, ముంచి పోయడానికి ఒకే మనిషి. ఊరి పెద్ద పటేలు మూట కూడా నా చీరల పక్కనే ఎండుతోంది.

పొద్దుగూకాక అవ్వ వచ్చి పాప చంకలు, గజ్జలు తడిమింది.

"గడ్డలేం లేవు. పా లోపలికి."

మర్నాడు మా ఆయన వచ్చి పాపకోసం చేతులు చాపాడు. నేను పాపను వెనక్కి లాక్కున్నాను.

"మూట ఎండలో పరవండి" అన్నాను. "గంజి పంపిస్తాను."