రేపల్లె ప్యాసింజర్‌లో నాలుగో తరగతి

మొన్న మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కి బట్టలు పెట్టాలని తెనాలిలో ఒక చీరల షాపుకి వెళ్ళాను. చెప్పులు బయట విడిచి, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చున్నానో లేదో, అప్పుడే మడత విప్పిన నేతచీరలోంచి గంజి వాసన, దాని వెనకే అరల్లోంచి కలరా ఉండల వాసన గుప్పుమన్నాయి. ఆ వాసనకి అందరికీ పెళ్ళిళ్ళూ పేరంటాలూ గుర్తొస్తాయి కాబోలు. నాకు మాత్రం నా నాలుగో తరగతి గుర్తొస్తుంది. షాపులో అమ్మాయి “ఇంకో రకం తీయమంటారా అండీ?” అని అడుగుతూనే ఉంది. నేను చీరల్ని కాక, వాటిని విప్పుతున్న ఆమె చేతుల్ని చూస్తూ కూర్చున్నాను.

మాది రేపల్లె. రైలు పట్టాలు మా ఊళ్ళో అయిపోతాయి. ఆ తర్వాత ఇక పొలాలూ, కాలవలూ, వాటి చివర సముద్రమూ. స్టేషన్ వెనక సందులో, ముందు వసారా, మధ్యలో హాలు, పక్కన రెండు గదులూ ఉన్న పాత పెంకుటింట్లో మా బడి నడిచేది. రిటైరైన మాస్టారొకాయన, ఆయన భార్య కలిసి పెట్టిన బడి. బోర్డు మీద ఏదో ఇంగ్లీషు పేరుండేది గానీ ఊళ్ళో అందరూ మాస్టారి బడి అనే అనేవారు. వసారా దూలానికి వేలాడదీసిన రైలు పట్టా ముక్కే మా గంట. హాల్లో మూడో తరగతీ నాలుగో తరగతీ వీపులు ఆనించుకుని కూర్చునేవి. అందుకని ఇటు మేం ఎక్కాలు వల్లిస్తూనే అటు వాళ్ళ పాఠం సగం వినేసేవాళ్ళం.

వానాకాలం ముసురు పట్టిందంటే సందంతా నీళ్ళు నిలిచి, కప్పలు వసారా మెట్ల దాకా వచ్చేవి; తడిసిన గొడుగులన్నీ ఒక మూల విప్పి పెడితే వాటి గుడ్డ వాసన, సుద్దముక్కల వాసన, పెంకుల్లోంచి కారే నీటి కింద పెట్టిన బకెట్ చప్పుడు కలిసి ఆ హాలు మాది అనిపించేది. చలికాలంలో జేబుల నిండా రేగిపళ్ళు, చేతుల్లో కాల్చిన తేగలు. ఆటల బెల్లులో పెరట్లో రాలిన పెంకుముక్కలతో తొక్కుడుబిళ్ళా, ఏడుపెంకులాటా ఆడుతుంటే, “రాలినవాటితో ఆడుకోండమ్మా, పైనున్నవి మాత్రం నాకుంచండి,” అని మాస్టారు వసారాలోంచి కేకేసేవారు. క్రిస్మస్ నెల వచ్చిందంటే విమల టీచర్ స్టీలు డబ్బాలో గులాబీ పువ్వులూ కజ్జికాయలూ తెచ్చి, గులాబీ పువ్వు రేకులు విరిచి తలా ఒకటి వచ్చేలా జాగ్రత్తగా పంచేది.

మూడుకీ నాలుగుకీ విమల టీచరే. చర్చి పక్క సందులో వాళ్ళమ్మతో ఉండేది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నేతచీరలోనే కనిపించేది. నాకు నలుగురిలో గొంతు పెగిలేది కాదు. పాఠం చదవమంటే పుస్తకం పట్టుకుని నిలబడి, అక్షరాలన్నీ కనిపిస్తూనే ఉన్నా, నోట్లోంచి గాలి కూడా వచ్చేది కాదు. ఇంట్లో నాయనమ్మ నాలుక మీద తేనె కూడా రాయించి చూసింది. విమల టీచర్ అలాంటివేమీ చేయలేదు. మూడో తరగతిలో ఒకరోజు నన్ను లేపి, గోడ దగ్గరికి తీసుకెళ్ళి, పిల్లలకి వీపు పెట్టి నిలబెట్టి, “మాకొద్దులే, గోడకి చదివి వినిపించు,” అంది. సున్నం పెచ్చులూడిన ఆ గోడకి నేను చదివాను. వెనక ఎవరూ నవ్వలేదు. ఆ ఏడాదంతా గోడకే చదివాను. నాలుగో తరగతిలోకి వచ్చాక ఇటు తిప్పుతానని టీచర్ మాటిచ్చింది.

ఆ వేసవి సెలవల్లో మాస్టారికి పక్షవాతం వచ్చింది. ఆ సంగతి ఊళ్ళో కొందరికి తెలుసు గానీ, బడి తెరిచేనాటికి లేచి తిరుగుతారనే అందరూ అనుకున్నారు. ఈలోపు కూతురొచ్చి ఆయన్నీ అమ్మగారినీ బాపట్ల తీసుకెళ్ళిపోయింది. అద్దెకిచ్చినవాళ్ళు ఇల్లు వెనక్కి తీసేసుకున్నారు. మేం యూనిఫాం గుడ్డ కొనుక్కుని, టైలర్ దగ్గర కుట్టించుకుని తెచ్చుకునేలోపు అంతా అయిపోయింది. ఎవరికీ ఎవరూ కబురు చెప్పలేదు.

జూన్‌లో బడి తెరిచే రోజు కొత్త బట్టలు గరగరలాడుతూ వెళ్ళేసరికి గేటుకి గొలుసు వేసి ఉంది. సందులో ట్రాక్టరు ఆగి ఉంది. దాని ట్రక్కులో మా బెంచీలు కాళ్ళు పైకి పెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి, తాళ్ళతో బిగించి ఉన్నాయి. రైలు పట్టా ముక్క కూడా వాటి మధ్యలో ఉంది. మా పక్కన, ఒక చేతిలో గొడుగూ ఒక చేతిలో టిఫిన్ క్యారేజీతో విమల టీచర్ నిలబడి ఉంది. ఆమె కూడా మాలాగే బడికని వచ్చింది.

“ఏంటి టీచరుగారూ ఇది? ముందే చెప్పొద్దా?” అని ఎవరి నాన్నో గట్టిగా అడిగాడు.

“నాకూ ఇప్పుడే తెలిసిందండి,” అంది ఆమె.

ట్రాక్టరు వెళ్ళిపోయింది. పెద్దవాళ్ళు తలో మాటా అనుకుంటూ నిలబడ్డారు. పిల్లలం ఎటు పోవాలో తెలియక గేటు చువ్వలు పట్టుకుని వేలాడుతున్నాం. అప్పుడు టీచర్ క్యారేజీ గోడ పక్కన పెట్టి, “లైన్లో నిలబడండి,” అంది. రోజూ నిలబడినట్టే, పొట్టివాళ్ళు ముందూ పొడుగువాళ్ళు వెనకా, ఆ సందులో బురద పక్కన నిలబడ్డాం. రోజూ చెప్పే ప్రార్థనే చెప్పించింది. అయ్యాక, “ఇంటికెళ్ళండమ్మా. జాగ్రత్తగా వెళ్ళండి,” అంది. ఏ బడికి వెళ్ళమంటుందో అని ఇంకాసేపు చూశాం. ఆమె గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

ఒక బడి మూతపడితే ఎవరూ పరామర్శకి రారు. ఆ తర్వాత రోజులు నాకు బాగా గుర్తు. నాతో చదివినవాళ్ళు కొందరు సర్కారు బడిలో, కొందరు కాన్వెంట్‌లో, కొందరు బాపట్లలోనో చీరాలలోనో హాస్టళ్ళలో చేరిపోయారు. పొద్దున వీధిలో అందరూ సంచులు తగిలించుకుని వెళ్ళాక, ఆ నిశ్శబ్దంలో నేనొక్కదాన్నీ అరుగు మీద కూర్చునేదాన్ని. మధ్యాహ్నం అమ్మ నిద్రపోతే మాస్టారి బడి గేటు దాకా నడిచి వెళ్ళి, చువ్వల్లోంచి చూసి వచ్చేదాన్ని. ఒకరోజు చూస్తే హాలు గోడకి కొత్త సున్నం కొట్టేశారు.

నాన్న తెనాలిలో ఒక రైస్ మిల్లులో గుమస్తా. చివరికి నన్నూ తనతో పాటు రైల్లో తీసుకెళ్ళి అక్కడే నాలుగంతస్తుల బడిలో చేర్చాడు. ఇంగ్లీషు మీడియం. ఒక్కో తరగతికీ అక్షరాలతో ఎన్నో సెక్షన్లు. అక్కడ మిస్‌లు నన్ను పేరుతో కాక నంబరుతో పిలిచేవారు. పలకకపోతే ఆబ్సెంట్ వేసేవారు. అందుకని ఎదురుగా కూర్చుని ఉండి కూడా నేను చాలా రోజులు ఆ బడికి రానట్టే లెక్క. అన్నం బెల్లులో కొళాయిల దగ్గర గట్టు మీద ఒక్కదాన్నే కూర్చుని తినేదాన్ని. పక్కన నీళ్ళు పట్టుకునేవాళ్ళ చెయ్యి తగిలితే ఆ రోజుకి అదే నాకు పలకరింపు.

పొద్దుటి ప్యాసింజర్‌లో నాన్న తన స్నేహితులతో పేకాటకి కూర్చునేవాడు. నన్ను కిటికీ పక్కన, ఎండు రొయ్యలూ చేపల గంపలతో తెనాలి మార్కెట్‌కి వెళ్ళే వెంకాయమ్మ పక్కన కూర్చోబెట్టేవాడు. పల్లికోన, భట్టిప్రోలు, వేమూరు దాటుతుంటే నాట్లు పడుతున్న మళ్ళూ, పసుపు తోటలూ, వంగిన అరటి గెలలూ వెనక్కి పోతుండేవి. వర్షం వెలిసిన అలాంటి ఒక పొద్దున పెట్టె చివర విమల టీచర్ కనిపించింది.

“టీచర్!” అని అరిచాను. ఆ అరుపుకి పేకాట కూడా ఆగింది.

ఆమె తలతిప్పి చూసి, వెంటనే కిటికీ వైపు తిరిగింది. పక్కనున్న ఆడపిల్లలందరూ కట్టుకున్న ఆకుపచ్చ చీరే ఆమె కూడా కట్టుకుంది. అది తెనాలిలో ఒక చీరల షాపు వాళ్ళ యూనిఫాం. తర్వాతి స్టేషన్లో లేచొచ్చి నా పక్కన కూర్చుంది. అప్పుడే మొదటిసారి ఆమె దగ్గర గంజీ కలరా ఉండలూ కలిసిన ఆ షాపు వాసన వచ్చింది.

“రైల్లో అందర్లో అలా పిలవకమ్మా,” అంది మెల్లగా.

“మరేమని పిలవాలండీ?”

“అక్కా అను.”

నాకు నోరు రాలేదు. ఆ తర్వాత నేనామెను ఏమనీ పిలవలేదు. కానీ రోజూ నా పక్కనే కూర్చునేది. అడక్కుండానే నా సంచిలోంచి పుస్తకం తీసేది. “ఇక్కడ గోడ లేదుగా, కిటికీకి చదువు,” అనేది. బయట మంచు పట్టిన పొలాల వైపు తిరిగి చదివేదాన్ని. చక్రాల చప్పుడులో నా తప్పులు ఎవరికీ వినిపించేవి కావు, ఆమెకి తప్ప. ఇంగ్లీషు మాట తిరగకపోతే తనూ అనేది, ఒక్కోసారి తనకీ తిరిగేది కాదు, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. రోజంతా నేను మాట్లాడేది ఆ రైల్లోనే. తెనాలికి ముందొచ్చే చిన రావూరు దాటగానే ఆమె పుస్తకం మూసి, చీర కుచ్చెళ్ళు సవరించుకుని, వేరే మనిషైపోయేది.

క్రిస్మస్ ముందు పిన్ని పెళ్ళి కుదిరి, అమ్మా నేనూ చీరకని తెనాలి వెళ్ళాం. ఏ షాపో నేను చెప్పలేదు, అమ్మే వెళ్ళింది. పరుపు మీద కూర్చుని తలెత్తితే ఎదురుగా విమల టీచర్. అమ్మ గబుక్కున లేవబోయింది.

“కూర్చోండి వదినగారూ, కూర్చోండి,” అని టీచర్ చీర విప్పి పరిచింది. కౌంటర్ దగ్గర్నించి ఎవరో, “విమలా, ఆ పై అరలోవీ దించు, చూపించు!” అని కసిరారు. మా అమ్మ ఏ షాపుకెళ్ళినా అరలన్నీ దింపించి, చివరికి మొదట చూసిందే కొనే మనిషి. ఆ రోజు మాత్రం మొదటి చీర మీద చెయ్యి వేసి, “ఇది చాలు టీచరుగారూ, చాలా బావుంది,” అంది. టీచర్ తలొంచుకుని మడత పెట్టింది. ఇంటికొచ్చాక నాయనమ్మతో, “ఆ రంగు చెల్లికి నప్పదని నాకు తెలుసత్తయ్యా,” అని మాత్రం అంది.

ఆ వారమే నాకు ఆటలమ్మ పోసింది. వేపాకులు పరిచిన మంచం మీద చాలా రోజులు పడుకున్నాను. తిరిగి రైలెక్కేసరికి నా పక్క చోటు ఖాళీగా ఉంది. భట్టిప్రోలు దాటాక వెంకాయమ్మే చెప్పింది.

“మీ పంతులమ్మ ఎల్లిపోయిందమ్మా. బాపట్ల అవతలేదో ఊళ్ళో మళ్ళీ బళ్ళో పని దొరికిందంట. నీకోసం రోజూ చూసింది పాపం.”

మంచిదే కదా, మళ్ళీ టీచరైంది కదా అనుకోవడానికి ప్రయత్నించాను. పుస్తకం తీశాను. కిటికీకి చదవబోతే గొంతు రాలేదు. వెంకాయమ్మ నా వైపు చూసి, గంప పక్కకి జరిపి, ఇంకాస్త దగ్గరగా కూర్చుంది. ఆవిడకి చదువు రాదు, నాకు మాట రాదు. అలాగే తెనాలి దాకా వెళ్ళాం. ఆ తర్వాత కూడా చాలా రోజులు అలాగే వెళ్ళాం.

ఫైనల్ పరీక్షల ముందు ఇంగ్లీషు మిస్ నా నంబరు పిలిచింది. లేచి, తరగతి వైపు చూడలేక, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. పిల్లలందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వుల్లోనే మొదలుపెట్టి పాఠం చివరి దాకా చదివాను. మిస్ “గుడ్, సిట్,” అని ఇంకో నంబరు పిలిచింది. అంతే. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకెవరూ లేరు. సాయంత్రం రైల్లో నాన్నకి చెబితే, పేకముక్కలు చూసుకుంటూ “ఊఁ” అన్నాడు.

ఇప్పుడు ఆ లైనుకి కరెంటు తీగలొచ్చాయి. మాస్టారు బాపట్లలోనే పోయారని ఎప్పుడో విన్నాను. ఆ పెంకుటిల్లు పడగొట్టి పెద్ద మేడ కట్టారు. కింద ఫోన్ల షాపూ, పైన ట్యూషన్ సెంటరూ. మొన్న చీరలు కొని వచ్చాక మనసు ఆగక, నలుగుర్నీ అడిగి, బాపట్లలో విమల టీచర్ ఇల్లు పట్టుకున్నాను. జుట్టు పూర్తిగా తెల్లబడింది. తర్వాత తను పనిచేసిన చిన్న బళ్ళు కూడా ఒక్కొక్కటే మూతపడ్డాయట. “ఎక్కడ చదువుకున్నావమ్మా నా దగ్గర?” అని అడిగింది. రేపల్లె అన్నాను. నా పేరు చెప్పాను, నాన్న పేరు చెప్పాను. ఆమె చాలాసేపు నా ముఖంలోకి చూసి, “గుర్తు రావటం లేదమ్మా. ఏమనుకోకే,” అంది. ఎంతమంది పిల్లలు, ఎన్ని ఊళ్ళు! టీ ఇచ్చింది, పిల్లలెంతమందని అడిగింది, సముద్రం గాలికి ఊగుతున్న తలుపుకి ఇటుక అడ్డం పెట్టింది.

లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి, “ఇంతదూరం వచ్చావు. నీకు నేనేం చెప్పానో ఏమో,” అంది.

“చాలా చెప్పారు టీచర్,” అన్నాను గట్టిగా, వీధిలో వాళ్ళు కూడా తిరిగి చూసేలా.

ఆమె నవ్వింది. అందరికీ నవ్వే నవ్వే అది. స్టేషన్‌కి నడుస్తుంటే తట్టింది, ఆ బడి గురించి మాట్లాడుకోవడానికి ఇక నాకు నేనే మిగిలానని.