మా క్యాంపు ఉద్ధారకుడు

ఉద్ధారకుడంటే నిఘంటువులో గొప్ప అర్థమే ఉంటుంది. సౌదీలో, రాబిగ్‌లోని మా లేబర్ క్యాంపులో మాత్రం అది తిట్టు. ఏసీ బాగుచేస్తానని విప్పి, వచ్చే కాస్త చల్లగాలిని కూడా పోగొట్టినవాణ్ణి "ఉద్ధరించినవ్ తియ్" అంటాం. మనసు మంచిదే, కానీ మనల్ని ఒక్కమాటైనా అడక్కుండా మేలు చేసేస్తాడు. అలాంటివాడన్నమాట. ఇప్పుడు ఆ పేరు ఉదయకిరణ్‌ది.

కరీంనగర్ కుర్రాడు, మా కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి. ఎండదెబ్బకు పడిపోయిన మా రూము లింబాద్రి పక్కన ఆసుపత్రిలో రెండు రోజులు కూర్చున్న మనిషిని ఏమని తిట్టను?

వేసవిలో ఇక్కడ పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదు. అందుకే మేం తెల్లవారుజామున నాలుగింటికే మొదలుపెట్టి, పన్నెండుకల్లా ముగించేవాళ్లం. రెండింటికి స్నానం చేసి ఇంటికి వీడియో కాల్ చేసేవాణ్ణి. అక్కడ నాలుగున్నర. రెండో తరగతి చదివే నా బిడ్డ సంధ్య బడి నుంచి వచ్చి, తెలుగు వాచకం కూడబలుక్కుంటూ నాకు వినిపించేది. రోజంతటిలో నాదంటూ ఉన్నది ఆ అరగంటే.

మనుషుల్ని మూడింటికి నిద్రలేపడం అన్యాయమని ఉదయకిరణ్ మేనేజరుకు మెయిల్ పెట్టాడు. వెంటనే వేళలు మారాయి. ఏడు నుంచి పన్నెండు, మళ్లీ మూడు నుంచి ఆరు. నడుమ మూడు గంటలు రేకుల షెడ్డులో ఉడకడమే. మేం పనిచేసే ప్లాంటు లోపలికి ఫోన్ తేనివ్వరు. క్యాంపు చేరేసరికి ఏడున్నర, ఇంటి దగ్గర రాత్రి పది. సంధ్య నిద్రపోయి ఉండేది. శుక్రవారం సెలవు ఒక్కరోజు దొరికితే కబుర్లకే సరిపోయేది.

"హన్మాండ్లన్నా, ఇప్పుడు నిద్ర సరిపోతుందా?" అని అడిగాడు ఉదయకిరణ్, సంబరంగా.

"నిద్ర నిన్నెవరడిగిండ్రు తమ్మీ? రాసే ముందుగాల మా రూముకచ్చి ఒక్క మాట అడిగితే ఏం పోతుండె?"

సంగతంతా చెప్పాను. అతని మొహం మాడిపోయింది. "నాకు తెల్వదన్నా. మళ్ల రాస్త."

"నీకు దండం పెడ్త, ఇంకేం రాయకు!"

వినలేదు, రాశాడు. చెడగొట్టడానికి రెండు రోజులు పట్టింది, సరిచేయడానికి రెండు నెలలు. పాత వేళలు వచ్చిన మొదటి రోజే ఫోన్ చేసి, "చదువు బిడ్డా" అన్నాను. సంధ్య పుస్తకం తెరిచింది. మాట లేదు.

"ఏమైందే, చదువుతలేవు?"

"చదువుతున్న బాపూ. ఇప్పుడు నాకు మనసుల చదువుకునుడు వచ్చింది. పైకి చదివేది చిన్నపిల్లలే."

బిడ్డకు చదువొచ్చిందని సంతోషపడాలి. నాకు ఏడుపొచ్చింది. ఉదయకిరణ్ మీద మళ్లీ ఒళ్లు మండింది. అయినా ఫోన్ పెట్టేయలేదు. ఆమె పేజీలు తిప్పుతుంటే అరగంటసేపు చూస్తూ కూర్చున్నాను.